ఏడు చేపల కథ గోథిక్‌లోకి: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

ఏడు చేపల కథని గోథిక్ భాషలో చెప్పాలి. ఒకప్పుడు గోథులు అనే జర్మానిక్ జాతి మాట్లాడిన, ఇప్పుడు ఎవరూ మాట్లాడని భాష ఇది. రాజు, ఏడుగురు కొడుకులు, ఎండని చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, ఏడ్చే పిల్లాడు, చీమ. తెలుగిళ్లలో పెరిగినవాళ్లకి ఈ వరస నోటికే వచ్చు. కావాలనే ఈ కథ తీసుకున్నాను. గోథిక్‌లో మనకి మిగిలింది దాదాపు అంతా బైబిలు అనువాదమే. విశ్వాసం, పాపం, నీతి లాంటి మాటలకి లోటు లేదు. పెరట్లోవీ పొలంలోవీ వెతికితేనే కరువు తెలుస్తుంది. ఈ కథ నిండా అవే ఉన్నాయి.

4వ శతాబ్దంలో వుల్ఫిల అనే బిషప్పు, డాన్యూబ్ నదికి దక్షిణాన ఇప్పటి ఉత్తర బల్గేరియా ప్రాంతంలో, ప్రధానంగా గ్రీకు అక్షరాలు ఆధారంగా ఒక లిపి కూర్చి బైబిలుని గోథిక్‌లోకి తెచ్చాడు. ఆయన కాలపు ప్రతి ఏదీ మిగల్లేదు. మనకున్న పెద్ద ఆధారం 6వ శతాబ్దం మొదట్లో ఇటలీలో తయారైన కోడెక్స్ అర్జెంటియస్. ఊదారంగు తోలు పత్రాల మీద వెండి, బంగారు సిరాలతో రాసింది. మొదట 336 పత్రాలు ఉండేవని లెక్క, మిగిలినవి 188. వాటిలో 187 స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉన్నాయి. ఇంకొకటి 1970లో జర్మనీలోని స్పయర్ కెథడ్రల్‌లో బయటపడింది. ఇవి కాక మిలాన్‌లో వేరే రాతప్రతుల పత్రాలు, 2009లో బొలోన్యాలో దొరికిన ఒక చిన్న భాగం, యోహాను సువార్త మీద ఒక వ్యాఖ్యానం తాలూకు ఎనిమిది పత్రాలు కూడా ఉన్నాయి. పాత నిబంధనలో నెహెమ్యా ముక్కలు తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. వుల్ఫిల రాజుల గ్రంథాల్ని వదిలేశాడని, గోథులు అసలే యుద్ధప్రియులు, వాళ్లని ఇంకా రెచ్చగొట్టడమెందుకని అలా చేశాడని ఫిలోస్టోర్జియస్ అనే చర్చి చరిత్రకారుడు రాశాడు. కారణం ఏదైనా, ఆ గ్రంథాలు ఉండుంటే గుర్రాలూ విల్లులూ గొడ్లూ బోలెడు దొరికేవి.

మూల పాఠాన్ని బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే వుల్ఫిల ప్రాజెక్టులో మాట మాటకీ వెతకొచ్చు. నా పని సగం అక్కడే జరుగుతోంది.

తెలుగు లిపిలో రాసుకోవడం

కథకి కావలసిన మాటలకి ఒక పట్టిక వేసి, అందులో గోథిక్ మాటల్ని తెలుగు లిపిలోనే పెట్టాను. ఇది సౌకర్యం కోసం మాత్రమే కాదు. వుల్ఫిల లిపిలో ఏ, ఓ ఎప్పుడూ దీర్ఘాలే. హ్రస్వమైన ఎ, ఒ పలకాల్సిన చోట ఆయన రెండేసి అక్షరాలు రాశాడు, అవే జంటలు వేరే చోట ఐ, ఔ అని కూడా చదవాలంటారు. రోమన్ లిపిలోకి మార్చినా ఆ తికమక అలాగే ఉంటుంది. తెలుగులో ఎ, ఏ, ఐ మూడూ వేరు కనక ఒక నిర్ణయం తీసుకుని రాస్తే చాలు. జ అని రాసినచోట ఇంగ్లీషు 'జూ'లోని శబ్దం, థ అని రాసినచోట 'థింక్'లోని శబ్దం అనుకోండి.

ఇంకో లాభం అరసున్న. గోథిక్, ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషలన్నిటికీ తల్లి అయిన మూల జర్మానిక్‌లో నపుంసక నామాల చివర ముక్కుతో పలికే అచ్చు ఉండేది. 'మాట'కి అప్పటి రూపం *వుర్దఁ. అరసున్నతో అది ఎలా ఉండాలో అలాగే కనిపిస్తుంది. ముందున్న చుక్క గుర్తు (*), ఎక్కడా రాసి కనబడని, మనం తిరిగి కట్టిన రూపానికి. తెలుగు 'చెవి', కన్నడ 'కివి' పక్కపక్కన పెట్టి మూల ద్రావిడంలో ఆ మాట క-తో మొదలైందని చెప్పేటప్పుడు భద్రిరాజు కృష్ణమూర్తి గారి లాంటి భాషావేత్తలు పెట్టే చుక్క కూడా ఇదే.

నియమాల స్క్రిప్టు

మూల జర్మానిక్ రూపం ఇస్తే గోథిక్ రూపం ఇచ్చే చిన్న పైథాన్ స్క్రిప్టు రాశాను. ముఖ్యమైన నియమాలు కొన్నే. పాత ఎ అంతా ఇ అవుతుంది. ఆ తర్వాత ర్, హ్, హ్వ్ ముందున్న ఇ, ఉ మళ్లీ ఎ, ఒ అవుతాయి. చివరి జ్-కి ముందున్న అ, ఇ ఊడిపోతాయి, ఉ నిలబడుతుంది. చివరి జ్ స్ అవుతుంది. చివరి అఁ పడిపోతుంది. అచ్చు తర్వాత మాట చివర్లో గానీ స్-కి ముందు గానీ బ్, ద్ వస్తే ఫ్, థ్ అవుతాయి.

ఇందులో వరస చాలా ముఖ్యం. 'మోయడం' *బెరనఁ. మొదటి నియమం పడితే *బిరన్, రెండోది పడితే బెరన్. బైబిలు పాఠంలో ఉన్నది అదే. రెండు నియమాలూ తారుమారైతే బిరన్ దగ్గర ఆగిపోతుంది.

దొరికిన మాటల మీద నడిపి చూస్తే స్క్రిప్టు బాగానే నిలబడింది. *దగజ్ 'రోజు' దగ్స్ అయింది, *గస్తిజ్ 'అతిథి' గస్త్స్ అయింది, *హ్లైబజ్ 'రొట్టె' హ్లైఫ్స్ అయింది. *సునుజ్ 'కొడుకు' మాత్రం ఉ నిలుపుకుని సునుస్ అయింది. సంస్కృతంలో సూనుః పక్కన పెడితే చుట్టరికం చెప్పనక్కర్లేదు. ర్-తో ముగిసే మాటలకి విడిగా ఒక నియమం పెట్టాల్సి వచ్చింది. హ్రస్వం పక్కన ర్ ఉంటే చివరి స్ కూడా రాదు, అందుకే 'మగవాడు' వెర్ అయ్యాడు.

తేలిగ్గా దొరికినవి

రాజు థియుదన్స్. ఏడు సిబున్. కొడుకులు సున్యుస్. చేపలు ఫిస్కోస్. వేటకి వెళ్లారు అనే బదులు చేపలు పట్టారు అంటాను, ఫిస్కోన్ అనే క్రియ లూకా 5:4లో ఉంది. గడ్డి హవి, యోహాను 6:10లో 'ఆ చోట గడ్డి చాలా ఉంది' అన్న వాక్యంలో. పాలేరు స్కల్క్స్. బంగారం గుల్థ్. అన్నానికి మత్స్, అంటే తిండి.

ఎండడానికి గథొర్స్నన్. విత్తువాడి ఉపమానంలో మొక్కలు ఎండిపోయిన చోట (మార్కు 4:6) వస్తుంది. దీని ధాతువూ మన 'తృష్ణ' ధాతువూ ఒకటే. పిల్లాడి ఏడుపు ఇంకా బాగుంది: బర్న్ గెగ్రోత్, 'బిడ్డ ఏడ్చాడు'. క్రియ గ్రేతన్, భూతకాలంలో ముందు గె- చేరింది. సంస్కృతంలో లిట్ లకారం చదువుకున్నవాళ్లకి 'చకార', 'దదర్శ' గుర్తొస్తాయి. ధాతువు మొదటి హల్లుని రెట్టించి భూతకాలం చెప్పే ఈ పద్ధతిని జర్మానిక్ భాషల్లో ఇంత సజీవంగా నిలుపుకున్నది గోథిక్ ఒక్కటే. పేతురు ఏడ్చిన చోట (మత్తయి 26:75) వుల్ఫిల ఈ రూపమే వాడాడు.

అవ్వకి అవో. 2 తిమోతి 1:5లో తిమోతి అమ్మమ్మ గురించి ఉంది. అవ్వ, అవో ఒకేలా ఉన్నాయని సంబరపడొద్దు. తెలుగు అవ్వకి మూల ద్రావిడంలో తన సొంత బంధువులు ఉన్నాయి, గోథిక్ అవోకి లాటిన్ 'అవుస్' (తాత) బంధువు. చిన్నపిల్లల నోట వచ్చే చుట్టరికపు మాటలు ప్రపంచమంతా ఇలాగే పోలికగా ఉంటాయి. తండ్రిని గోథులు 'అత్త' అనేవాళ్లు. పరలోక ప్రార్థన 'అత్త ఉన్సర్' (మా తండ్రీ) అనే మొదలవుతుంది. పోలికలు చూసి చుట్టరికం కలిపేవాళ్లకి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మెట్లు

పట్టికకి ఒక నిలువు వరస కలిపాను: ఏ మాట ఎంత గట్టిది అని. నా దృష్టిలో ఈ ప్రాజెక్టు అంతటికీ ఇదే ప్రాణం. సరిగ్గా అదే రూపం పాఠంలో ఉంటే ఒకటో మెట్టు. మాట ఉండి, మనకి కావలసిన విభక్తిగానీ కాలంగానీ లేకపోతే రెండు. మాట లేదు, కానీ గోథిక్‌లోనే దాని జాడ ఎక్కడో ఉంటే మూడు. జాడ కూడా లేదు, అక్కాచెల్లెళ్ల భాషల్ని బట్టి మనం కట్టిందే అయితే నాలుగు. గోథిక్‌లో కొత్త కథలు, కవితలు రాసే ఉత్సాహవంతులు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్ల జాబితాల్లో మూడు, నాలుగు మెట్లు కలిసిపోయి కనిపించినప్పుడల్లా నాకు బాధ. ఒక మాటకి చుక్క పెడితే సరిపోదు, ఆ చుక్క వెనక ఏముందో కూడా చెప్పాలి.

మూడో మెట్టు ఎలా ఉంటుందో రెండు జంతువుల మీద చేసి చూశాను. 1868లో ఆగస్ట్ ష్లైఖర్ అనే భాషావేత్త మూల ఇండో-యూరోపియన్‌లో, అంటే సంస్కృతం, లాటిన్, జర్మానిక్ భాషలన్నిటికీ తల్లి భాషలో, ఒక చిన్న నీతికథ రాశాడు, అందులో పాత్రలు గొర్రె, గుర్రాలు. ఆ రెండూ గోథిక్‌లో లేవు. మంచి కాపరి గురించి చెప్పే యోహాను 10లో కూడా వుల్ఫిల గొర్రెల్ని 'లంబ' అనే అంటాడు. కానీ అదే అధ్యాయం 16వ వచనంలో గొర్రెల దొడ్డిని అవిస్త్ర్ అనీ, మందని అవేథి అనీ అన్నాడు. సంస్కృతంలో గొర్రె 'అవి', లాటిన్‌లో ఓవిస్, ఇంగ్లీషులో ఆడగొర్రె యూ. మూల జర్మానిక్ రూపం *అవిజ్. ప్రథమా విభక్తి ఎలా ఉండాలి? లూకా 7:12లో ఊరి ద్వారం దగ్గర మోసుకెళ్తున్న శవాన్ని నౌస్ అన్నాడు. అది *నవిజ్ నుంచి వచ్చింది. కాబట్టి *అవిజ్ *ఔస్ కావాలి. మాట పాఠంలో లేదు, కానీ దాని పిల్లలు రెండు ఉన్నాయి, దాని తోటిమాట ఒకటి అదే దారిలో నడిచింది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం చుక్క మాటలకి అరుదు.

గుర్రం కూడా అంతే. *ఎహ్వజ్, సంస్కృతంలో అశ్వః. స్క్రిప్టు ఇచ్చేది *ఎహ్వ్స్. ముళ్లపొదకి గోథిక్‌లో ఎహ్వతున్ది అని ఉంది. మొదటి సగం గుర్రమే అని పండితుల మాట. రెండో సగం మీద వాదన ఉంది, కొందరు 'పన్ను' అంటారు. వియెన్నాలో ఉన్న ఒక పాత లాటిన్ రాతప్రతిలో గోథిక్ అక్షరాల పేర్లు రాసి ఉన్నాయి, అందులో 'ఏ' అనే అక్షరం పేరుని గుర్రం మాట తాలూకు వంకర రూపం అంటారు. అదే జాబితాలో ఐసుకీ వడగళ్లకీ కూడా జాడలు ఉన్నాయి.

ఆవు

కథలో ఆవు లేకుండా కుదరదు. మిగిలిన పాఠంలో ఆవు లేదు. ఎద్దు ఉంది, ఒహ్స, సంస్కృతంలో ఉక్షన్. ఆవుకి సంస్కృతంలో గౌః, లాటిన్‌లో బోస్. మొదటి హల్లు సంగతి సులువు: మూల భాషలో నాదం ఉన్న స్పర్శాలు (గ్, ద్, బ్ లాంటివి) జర్మానిక్‌లో నాదం పోగొట్టుకుని క్, త్, ప్ అవుతాయి. 1822లో యాకబ్ గ్రిమ్ అనే భాషావేత్త పద్ధతిగా చెప్పిన మార్పుల్లో ఇదొకటి. చిక్కంతా అచ్చు దగ్గరే. ఇంగ్లీషు కౌ వెనక పాత కూ ఉంది, జర్మన్ కూ వెనక పాత కువో ఉంది. అంటే ఒకటి ఊ వైపు, ఇంకొకటి ఓ వైపు చూపిస్తున్నాయి. గోథిక్ ఏ పక్కనుంది? *కోస్ కావచ్చు, *కూస్ కావచ్చు. గోథిక్ లోపల ఏ జాడా లేదు కనక నియమాలు ఎంత తిప్పినా ఇది తేలదు.

రెండూ నాలుగో మెట్టులో రాసి కథలో మాత్రం కల్బో వాడుతున్నాను, అంటే పెయ్య. యోహాను వ్యాఖ్యానంలో పెయ్యని కాల్చిన బూడిద ప్రస్తావన వస్తుంది, అక్కడ ఉంది ఆ మాట. ఆవు బదులు పెయ్య మేయకపోతే కథకి నష్టం లేదు, పట్టికకి లాభం ఉంది. మేయడానికి మత్యన్ చాలు. తప్పిపోయిన కొడుకు కథలో పందులు తినే పొట్టు గురించి చెప్పేటప్పుడు వుల్ఫిల వాడింది అదే (లూకా 15:16), కనక పశువులకీ పనికొస్తుంది.

చీమ, దాని పక్కన గుడ్డు

చీమకి సాక్షి ఒకరున్నారు, కానీ ఆయన్ని ప్రశ్నించాలి. గోథుల్లో ఒక శాఖ క్రిమియాలో చాలా కాలం నిలిచింది. కాన్‌స్టాంటినోపుల్‌లో హాబ్స్‌బర్గ్ రాయబారిగా ఉన్న బుస్‌బెక్, 1560–62 మధ్య ఆ ప్రాంతం నుంచి వచ్చిన ఇద్దరిని కలిసి సుమారు 80 మాటలు రాసుకున్నాడు. 1589లో అవి అచ్చయ్యాయి. ఇద్దరిలో ఒకడు పుట్టుకతో ఆ జాతివాడే కానీ భాష మర్చిపోయాడు. రెండోవాడు గ్రీకు, వ్యాపారంలో ఆ భాష నేర్చుకున్నాడు. రాసుకున్న బుస్‌బెక్ సొంత భాష ఫ్లెమిష్, డచ్‌కి దగ్గరిది. ఇన్ని చేతులు మారి మన దగ్గరికి వచ్చింది.

ఆ జాబితాలో చీమ 'మియెర'. బుస్‌బెక్ సొంత భాషలోనూ చీమ మీర్ లాంటిదే. విన్నది రాశాడా, తనకి తెలిసిన మాట వైపు చెయ్యి జారిందా చెప్పలేం. దానికి తోడు పాత నోర్స్ (స్కాండినేవియా పాత భాష) మౌర్ర్, స్వీడిష్ మ్యూర, డచ్ మీర్, మూడింటికీ అచ్చులు కలవవు. వుల్ఫిల కాలానికి *మియుర్యో అని రాసుకున్నాను. క్రిమియా సాక్ష్యం ఉంది కనక మూడో మెట్టు ఇవ్వాలనిపించింది, ఇవ్వలేదు. నాలుగే.

అదే జాబితాలో గుడ్డుని చూడండి. కథకి గుడ్డుతో పనిలేదు, కానీ సాక్ష్యం తూచడం ఎలాగో దీనంత బాగా ఇంకేదీ చెప్పదు. మూల జర్మానిక్‌లో గుడ్డు *అయ్యఁ. గోథిక్‌లో -య్య్- అనే జంట -ద్ద్య్- అవుతుంది. 'ఇద్దరి యొక్క' అనడానికి త్వద్ద్యే, పాలివ్వడానికి దద్ద్యన్ పాఠంలోనే ఉన్నాయి. పాత నోర్స్‌లో అదే జంట -గ్గ్య్- అవుతుంది, ఇంగ్లీషు ఎగ్ అక్కణ్నుంచి అప్పుగా వచ్చిందే. జర్మన్, డచ్‌లలో ఏ గట్టి హల్లూ రాదు, ఉట్టి ఐ. కాబట్టి గోథిక్ గుడ్డు *అద్ది, బహువచనం *అద్ద్య కావాలి. బుస్‌బెక్ రాసుకున్నది 'అద'. ఫ్లెమిష్‌లో లేని ద్ అక్కడ ఉంది! తన భాష వైపు చెయ్యి జారితే అది రాదు. ఏ జర్మానిక్ భాషా ఆయనకి ఆ ద్ ఇవ్వలేదు, గోథిక్ తప్ప. *అద్ది పక్కన మూడు అని నిశ్చింతగా వేశాను. నిజానికి గుడ్డు లూకా 11:12లో రావాలి. కోడెక్స్ అర్జెంటియస్‌లో లూకా 10:30 తర్వాత పత్రాలు పోయి 14:9 దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఆ పోయిన పత్రాల్లో ఎక్కడో ఈ మాట ఉండేది.

కట్టగలిగినా కట్టకూడనివి

ఇంకో పట్టిక వేరుగా పెట్టాను. నియమాల ప్రకారం ఏ లోపమూ లేని, అయినా గోథులు అలా అన్నట్టు ఆధారం లేని మాటలు ఇవి. తేనెకి ఇంగ్లీషు, జర్మన్, నోర్స్ అన్నీ కలిసి *హునగఁ వైపు చూపిస్తాయి. స్క్రిప్టు వెంటనే *హునగ్ అంటుంది. కానీ యోహాను అడవిలో తిన్న తేనెని (మార్కు 1:6) వుల్ఫిల మిలిథ్ అన్నాడు. గ్రీకు మెలి, లాటిన్ మెల్ వైపు మాట. ఆ పత్రం పోయి ఉంటే అందరం హునగ్ అని ధీమాగా రాసేవాళ్లం.

నిప్పు కూడా ఇలాంటిదే. ఇంగ్లీషు ఫైర్, జర్మన్ ఫోయర్, రెండింట్లోనూ ర్ ఉంది. గోథిక్‌లో ఫోన్, షష్ఠిలో ఫునిన్స్. నీళ్లకీ అంతే: వాటర్‌లో ర్, గోథిక్ వతోకి షష్ఠిలో వతిన్స్. మూల ఇండో-యూరోపియన్‌లో ఈ మాటలు ప్రథమలో ర్, మిగతా విభక్తుల్లో న్ చూపించేవి, హిట్టైట్ అనే ప్రాచీన భాషలో నీళ్లు వాతర్, షష్ఠిలో వితెనస్ అని ఆ రెండూ పక్కపక్కనే మిగిలాయి. అక్కాచెల్లెళ్లు ర్ పంచుకున్నారు, గోథిక్ న్ తీసుకుంది. ఇంగ్లీషు, జర్మన్ మాత్రమే చూసి కడితే ఇది ఎప్పటికీ తెలియదు.

అమ్మ విషయంలో మన వేదపాఠం సాయపడుతుంది, సాయపడి కూడా లాభం లేదు. గోథిక్‌లో సోదరుడు బ్రోథర్, తండ్రికి ఒకే ఒక్కసారి (గలతీ 4:6) ఫదర్. ఒకచోట థ్, ఇంకోచోట ద్ ఎందుకు? వేదంలో భ్రాతర్‌కి ఉదాత్తం (పై స్వరం) మొదటి అచ్చు మీద, పితర్‌కి రెండో అచ్చు మీద ఉంటుంది. 1877లో అచ్చయిన వ్యాసంలో కార్ల్ వెర్నర్ అనే భాషావేత్త చూపించింది ఇదే: ముందు అచ్చు మీద స్వరం ఉంటే థ్, లేకపోతే ద్. మాతర్‌కి స్వరం రెండో అచ్చు మీద ఉంది కనక గోథిక్‌లో *మోదర్ కావాలి, *మోథర్ కాదు. ఎంత చక్కగా వచ్చిందో! కానీ గోథులు అమ్మని ఐథీ అన్నారు. పాఠంలో అమ్మ కనిపించిన ప్రతిచోటా అదే. *మోదర్ ఈ రెండో పట్టికలోనే ఉంటుంది.

ఇప్పటికి ఎంతవరకు

మొదటి వాక్యాలు తయారు. 'వస్ థియుదన్స్ సుమ్స్. సహ్ హబైద సిబున్ సునున్స్.' ఒక రాజుండేవాడు, అతనికి ఏడుగురు కొడుకులు. చేపని అడిగే ప్రశ్న: 'ఫిస్క్, దుహ్వే ని గథొర్స్నోదేస్?' సంబోధనలో చివరి స్ పోవాలి. లూకా 19:17లో యజమాని తన దాసుణ్ని 'స్కల్క్' అని పిలిచిన పద్ధతే ఇక్కడ. చేప జవాబు: 'హవి ఫొర మిస్ వస్', గడ్డి నా ముందుంది.

'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?' ఇది కుదరకపోతే ఈ పని అంతా దండగ అనుకున్నాను, కుదిరింది: 'యబై ఫింగ్ర్ థీనన ఇన్ హ్లైన్ మీనన గుల్థీనన లగ్యిస్, నియు బీతౌ?' పుట్టకి విడిగా మాట లేదు, హ్లైన్స్ అంటే మిట్ట, లూకా 3:5లో ఒక్కసారి షష్ఠీ బహువచనంలో ఉంది. వేలు అనే మాట పాఠంలో బహువచనంలో ఉంది. బీతన్, కరవడం, గలతీ 5:15లో 'మీరు ఒకర్నొకరు కరుచుకుంటే' అన్న చోట ఉంది, సంస్కృతంలో భిద్ ధాతువు. అంటే ఈ వాక్యంలో ఒకటి, రెండు మెట్లు దాటిన మాట ఒక్కటీ లేదు. నాలుగో మెట్టులో ఉన్నది ఆ మాట అంటున్న చీమ మాత్రమే.

మిగిలినవి గడ్డిమోపు, పాలేరు జవాబు. 'మోపు'కి కట్టడం అనే క్రియ బిందన్ (సంస్కృతంలో బంధ్) నుంచి నామం చేయాలా, లేక 'కట్టిన గడ్డి' అని విశేషణంతో సరిపెట్టాలా అన్నది చూడాలి. బిందన్ తాలూకు రూపాలన్నీ పాఠంలోంచి ఏరి పెట్టుకున్నాను. రెండో దారిలో అయితే కొత్త చుక్క అక్కర్లేదు కనక ముందు అదే ప్రయత్నిస్తాను.